ఎర్రదా, బూడిదరంగుదా?

పోయినవారం మీరు నన్ను షోరూం మెట్ల మీద వదిలేసి వెళ్ళారు. ఎర్ర కారు నడిపి అప్పుడే దిగాను. మొహం మీద నవ్వు ఆగటం లేదు. సరిగ్గా అప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఇంకో కారు చూడక్కర్లేదు, ఇదే ఖాయం చేసేద్దాం" అన్నారు. అక్కడ ఆగింది కథ.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. నేను డ్రైవింగ్ నేర్పే మనిషిని. ఇన్నేళ్ళూ పక్కసీట్లో కూర్చుని, కాలికింద రెండో బ్రేకు పెట్టుకుని, సగం ఊరికి బండి నేర్పాను. నేర్చుకున్నవాళ్ళు నాకు పెట్టిన పేరు రెండో బ్రేకమ్మ. ఈమధ్యే స్కూలు వేరేవాళ్ళకి అప్పజెప్పేసి, ఇకనుంచి నా స్టీరింగు నేనే పట్టుకుంటానని, అదీ స్పోర్ట్స్ కారు స్టీరింగే పట్టుకుంటానని ఇంట్లో ప్రకటించాను. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన నవ్వి ఊరుకున్నారు. మా అమ్మాయి మాత్రం నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసింది.

నాకు కావలసింది ఎప్పుడో ఆదివారం కవరు తీసి, తుడిచి, వీధి చివరిదాకా తిప్పి మళ్ళీ కవరు కప్పే కారు కాదు. రోజూ నడపాలి. కూరలకి వెళ్ళాలి, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వానలో గొడుగు మడుచుకుంటూ ఎక్కాలి. స్పోర్ట్స్ కారులో ఉల్లిపాయలు తెచ్చుకుంటే తప్పేమిటి? తాడెక్కేవాణ్ణి ఎంతవరకు ఎగదోస్తాం అన్నట్టు చుట్టుపక్కలవాళ్ళంతా నన్ను వదిలేశారు. కానీ రెండు కార్ల దగ్గర నేను చిక్కుకుపోయాను.

ఎర్రదానికి రెండే సీట్లు. గేర్లు మనమే మార్చుకోవాలి. గేరు పడితే ఆ సంగతి అరచేతికి తెలుస్తుంది, అరచేతి నుంచి గుండెకి తెలుస్తుంది. దిగటం మాత్రం నరకం. ముందు ఒక కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని, కన్నవాళ్ళని తలుచుకుంటూ లేవాలి. స్పీడ్‌బ్రేకరు వస్తే ఏటవాలుగా, బతిమాలుకుంటూ దాటాలి. డిక్కీలో ఒక సంచీ పడుతుంది, రెండో సంచీ ఒళ్ళో పెట్టుకోవాలి. ఇక స్టార్ట్ చేస్తే పక్కింటి చంటిపిల్ల లేచి కూర్చుంటుంది.

బూడిదరంగుది వేరే రకం. గేర్లు అదే మార్చుకుంటుంది. చప్పుడు చెయ్యదు, కానీ కాలు ఆనిస్తే ఎర్రదానికంటే ముందుంటుందట. వెనక రెండు సీట్లున్నాయి. సీట్లు అనే మాట మర్యాదకి వాడుతున్నాను. మా మనవరాలు పడుతుంది, దాని స్కూలు సంచీ పడుతుంది, అంతే. మా అమ్మాయి ఓటు దీనికే. "నాన్నకి పొద్దున డ్యూటీ లేనప్పుడు పాపని స్కూల్లో దింపొచ్చమ్మా. క్లచ్చు లేదు కాబట్టి నాన్న మోకాలికీ హాయి" అంది.

మా అమ్మాయి చెప్పింది సబబే. అర్థం కానిది మా ఆయన. ఆయనకి ఎడమ మోకాలు నొప్పి, నడుం నొప్పి. ఆయన క్లచ్చు లేని బస్సుకి మారి ఎన్నాళ్ళో అయింది. అలాంటి మనిషి క్లచ్చున్న కారు, నేలకి జానెడు ఎత్తున్న కారు, మనవరాలు పట్టని కారు కొనమని వారం రోజులుగా నా వెంట పడ్డారు. "నువ్వు దాన్ని చూసి నవ్వావు, అది చాలు" అంటారు. వినటానికి బాగుంది. కానీ నేను ఈయనతో కాపురం చేస్తున్నదాన్ని. నేను నవ్వానని ఈయన ఏదీ కొనలేదు ఇంతవరకూ. అందుకే ఆయన మాట కాదని, బూడిదరంగుదాన్ని కూడా నడిపి చూడాల్సిందేనని మళ్ళీ షోరూంకి లాక్కొచ్చాను.

అమ్మే అతను నా దగ్గర బండి నేర్చుకున్నవాడే. ఎప్పుడూ వేలికి తాళాలు తిప్పుతూ ఉంటాడని అప్పట్లోనే కీచైను అని పేరు పెట్టాను. బట్టతల వచ్చింది గానీ వేలు ఇంకా ఆగలేదు. నడిపి చూసేటప్పుడు మాతో రావాలి కాబట్టి, పాపం, రెండు మోకాళ్ళూ గడ్డానికి ఆనించుకుని బూడిదరంగుదాని వెనక సీట్లో ఇరుక్కున్నాడు.

"సీటు ఎలా ఉంది?" అన్నాను.

"చాలా సౌకర్యంగా ఉంది టీచర్" అన్నాడు, ఊపిరి బిగబట్టి.

ముందు నేను నడిపాను. నిజం చెప్తున్నాను, నా బుర్ర ఇంకా తికమక అయిపోయింది. మెత్తగా వెళ్తోంది, మాట వింటోంది, గుంటల్లో నడుం విరగ్గొట్టటం లేదు. రోజూ నడపాలంటే ఇదే. కానీ నా ఎడమ చెయ్యి ఊరికే పక్కకి వెళ్ళి గేరు రాడ్డుని వెతుక్కుంటోంది. ఎర్రదాన్ని కొంటే నడుం పోతుంది, దీన్ని కొంటే సరదా పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆస్పత్రి వెనక వీధిలో కారు ఆపాను. ఆ వీధిలో రద్దీ ఉండదు, నేను కొత్తవాళ్ళకి నేర్పేది అక్కడే.

"ఇప్పుడు మీరు నడపండి" అన్నాను మా ఆయనతో.

"నాకెందుకు? కారు నీది."

"పాపని స్కూల్లో దింపేది మీరేగా?"

"ఎర్రది కొంటే ఆ గొడవే ఉండదుగా" అన్నారు.

వెనకనుంచి కీచైను అందుకున్నాడు. "సార్, అంత పెద్ద బస్సు తిప్పే చేతులకి ఇదో లెక్కా?"

మా ఆయన మొహం చూశాను. పరీక్షకి పిలిచినప్పుడు కొత్తవాళ్ళ మొహాలు అలా ఉంటాయి. మోకాలు నొప్పి అన్నారు. క్లచ్చు లేదుగా అన్నాను. కళ్ళజోడు మార్చాలి అన్నారు. బస్సు నడపటానికి పనికొచ్చే కళ్ళజోడు కారుకి పనికిరాదా అన్నాను. ఇక దారి లేక, దిగి చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్కసీట్లోకి మారాను. ఎన్నో ఏళ్ళుగా నా ఒళ్ళు ఎరిగిన చోటు అది, కూర్చోగానే కాళ్ళు చాపుకున్నాను.

నడపటం మొదలుపెట్టాక వంక పెట్టటానికేం లేదు. గీత గీసినట్టు నిటారుగా నడిపారు. వీధి మధ్యలో ఆస్పత్రి గేటు ఉంది. ఆ గేట్లోంచి ఒకతను ఉతకాల్సిన దుప్పట్ల ట్రాలీ తోసుకుంటూ బయటికి వస్తున్నాడు. మనిషి ఎత్తు ట్రాలీ, తెల్లటి దుప్పట్లు, నా వైపు నుంచే వస్తోంది. నేను దూరం నుంచే చూశాను. ఈయనా చూశారనుకున్నాను. కారు వేగం తగ్గలేదు. ట్రాలీ పేవ్‌మెంటు దిగింది. కారు వేగం తగ్గలేదు.

నా కాలు నాకు చెప్పకుండానే లేచి, బలమంతా పెట్టి దిగింది. కింద కార్పెట్ తప్ప ఏమీ లేదు. మళ్ళీ తొక్కాను. రెండో బ్రేకు లేని కారులో పక్కసీట్లో కూర్చున్నానన్న సంగతి నా బుర్రకి తెలుసు గానీ నా కాలికి తెలియదు. చేత్తో హ్యాండ్‌బ్రేకు కోసం తడిమాను. ఈ కొత్త కార్లలో దానికి రాడ్డు ఉండదు, ఎక్కడో ఒక మీట ఉంటుందట. చివరికి స్టీరింగు పట్టుకుని ఆయన వైపుకి లాగేశాను. "బ్రేకు" అని నా గొంతులోంచి వచ్చిన కేక ఆయన చెవిలో పడ్డాక కారు ఆగింది. ట్రాలీ మూల కారు తలుపుకి గీసుకుంది. దుప్పట్లన్నీ బానెట్ మీద పడ్డాయి.

ట్రాలీ తోసే అతనికి ఏమీ కాలేదు. అది మొదట చూసుకున్నాను, ఆ తర్వాతే నాకు ఊపిరి ఆడింది. అతను మాత్రం దుప్పట్ల మీదుగా మావైపు వేలు చూపిస్తూ తిట్లు లంకించుకున్నాడు. కీచైను బయటికి రావాలంటే ముందు నేను దిగి సీటు మడవాలి. దిగాను, మడిచాను, అతను పాక్కుంటూ బయటపడి దుప్పట్లు ఏరటానికి వెళ్ళాడు. నేను మళ్ళీ లోపల కూర్చుని తలుపు వేసుకున్నాను.

"ఆ మనిషి ఎటునుంచి వచ్చాడు?" అని అడిగాను.

"హఠాత్తుగా వచ్చాడు" అన్నారు మా ఆయన. చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి.

"హఠాత్తుగా ఏం రాలేదు. గేటు లోపల ఉన్నప్పటినుంచీ నేను చూస్తున్నాను."

"కొత్త బండి కదా. మీటర్ల వైపు చూస్తున్నాను."

"మీరు మీటర్లు చూడలేదు. రోడ్డే చూస్తున్నారు. నేను మిమ్మల్ని కూడా చూస్తున్నాను."

నేను కొత్తగా చేరినవాళ్ళకి తాళం ఇచ్చేముందు ఒక పని చేస్తాను. ఎదురుగా చూడమని, చెవి పక్కనుంచి వేలు మెల్లగా ముందుకి తెచ్చి, ఎక్కడ కనబడిందో చెప్పమంటాను. అయితే మొదటిసారి వేలు ఎత్తను. చేతులు ఒళ్ళోనే పెట్టుకుని ఊరుకుంటాను. చూపు బాగున్నవాళ్ళు ఏమీ కనబడట్లేదంటారు. దాచుకునేవాళ్ళు ఎక్కడో ఒకచోట కనబడిందనేస్తారు.

"ఎదురుగా చూడండి" అన్నాను.

"ఏమిటిది? నేను నీ స్టూడెంటునా?"

"కాసేపు అనుకోండి. నా వేలు కనబడగానే చెప్పండి."

నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన అద్దంలోంచి ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. బయట కీచైను ఒక దుప్పటి దులుపుతున్నాడు. చెప్పకండి, ఏమీ కనబడలేదని కసురుకోండి అని లోపల మొక్కుకుంటున్నాను.

"ఆఁ, కనబడింది" అన్నారు ఆయన.

ఈసారి నిజంగానే వేలెత్తాను. ఆయన చెవి పక్కన పెట్టాను. కణత దగ్గరికి తెచ్చాను. కంటి చివరికి తెచ్చాను. ఆ వేలు ఇంచుమించు ఆయన ముక్కుకి ఎదురుగా వచ్చేదాకా ఆయన రెప్ప కదల్లేదు. అప్పుడు తల తిప్పి నన్ను చూశారు.

"ఇందాక ఎత్తలేదు కదూ?" అన్నారు.

"ఎత్తలేదు."

"నువ్వు అలా చేస్తావని నాకు తెలుసు. నువ్వే చెప్పావు ఒకసారి. మర్చిపోయాను."

ఆయన నవ్వబోయారు. నాకు ఏడుపు వచ్చింది. ఎప్పటినుంచి అంటే, పోయిన వానాకాలం నుంచి అన్నారు. రెండు పక్కలా చూపు తగ్గుతూ వచ్చిందట. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం బాగా కనబడుతుందట. డాక్టరు దగ్గరికి వెళ్ళారా అంటే తల అడ్డంగా ఊపారు. వెళ్తే డాక్టరుకి తెలిసిపోతుందిగా అన్నారు. ఈ జవాబుకి నవ్వాలో చెంప పగలగొట్టాలో మీరే చెప్పండి.

"మరి ఉద్యోగంలో పరీక్ష చేస్తారుగా?"

"అక్షరాలు చదవమంటారు. అక్షరాలు ఎదురుగానే ఉంటాయి."

"బస్సెలా నడుపుతున్నారు?"

"ఎదురుగా నేను చూస్తాను. పక్కలు మీ తమ్ముడు చూస్తాడు."

మా తమ్ముడు అదే బస్సులో కండక్టరు. బావా బావమరుదులు ఒకే బండి కోసం పట్టుబట్టి మరీ వేయించుకున్నారని, ఎంత ప్రేమో అని నేను నలుగురి దగ్గరా మురిసిపోయాను. వాడు టిక్కెట్లు కొట్టేసి ముందు తలుపు దగ్గర నిలబడతాడట. 'అటు సైకిలు', 'ఇటు పెద్దావిడ' అని మెల్లగా చెప్తూ ఉంటాడట. ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని భోజనం చేస్తారు. ఒక్కడూ నోరు విప్పలేదు.

"సాయంత్రం మన అమ్మాయి పాపని తీసుకుని ఎక్కేది మీ బస్సేగా" అన్నాను.

"వాళ్ళు ఎక్కితే ఇంకా మెల్లగా నడుపుతాను" అన్నారు.

ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఆ మనిషిని పట్టుకుని ఏడవాలనిపించింది. "అందుకేనా ఎర్రది కొనమన్నారు?"

"క్లచ్చు ఉంటే, నడపలేనని మోకాలి మీదకి నెట్టెయ్యొచ్చు. పాప పట్టదు కాబట్టి దింపి రమ్మని ఎవరూ అనరు." స్టీరింగుని అరచేత్తో తుడుస్తున్నారు. "కానీ నువ్వు దాన్ని చూసి నవ్విన మాట అబద్ధం కాదు. అదీ ఉంది."

"ఇవాళే వెళ్ళి చెప్పెయ్యండి. కనబడట్లేదని చెప్పెయ్యండి."

"చెప్తాను. కొంచెం ఆగు. ఇన్నేళ్ళలో నా బండికి ఒక్క గీత పడలేదే. చెప్పిన మరుక్షణం తాళం తీసుకుని ఇంటికి పొమ్మంటారు. తెల్లారి లేచి నేనేం చెయ్యను? నీ కారు తుడుచుకుంటూ కూర్చోనా?"

"ఇందాక ఆ ట్రాలీ మనిషి కాళ్ళు విరిగుంటే?"

ఆయన వాచీ చూసుకున్నారు. "డ్యూటీ టైమైంది. మీ తమ్ముడు ఉంటాడుగా, భయం లేదు. వచ్చాక మాట్లాడుకుందాం" అని తలుపు తీసుకుని దిగిపోయారు. నేను ఇటునుంచి దిగబోతుంటే కీచైను సరిగ్గా నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, గీత పడ్డచోట వేలితో రాస్తున్నాడు. అతన్ని తప్పించుకుని బయటపడేసరికి మా ఆయన ఎక్కిన టాక్సీ మలుపు తిరిగింది.

"చిన్న గీతే టీచర్, పాలిష్ పెడితే పోతుంది" అన్నాడు కీచైను. తాళాల వేలు మళ్ళీ తిరుగుతోంది. "ఇంతకీ ఏది ఖాయం చేద్దాం? ఎర్రదా, బూడిదరంగుదా?"

నేను అతని మొహం వైపు చూశాను గానీ అతనేం అడిగాడో నా బుర్రకెక్కటం లేదు. ఇంతలో నా ఫోను మోగింది. మా తమ్ముడు.

"అక్కా, బావ ఫోను ఎత్తట్లేదు. పక్కనున్నాడా?" గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇప్పుడే డ్యూటీకి వెళ్ళారు. నువ్వు ఎక్కడున్నావు? నీతో మాట్లాడాల్సింది ఉంది."

"ఇంట్లో ఉన్నాను, ఒళ్ళు కాలిపోతోంది. సెలవు పెట్టాను." దగ్గాడు. "బావ వెళ్ళటమేంటి అక్కా? నేను రాని రోజు తను బండి ఎక్కడు. అది మా ఇద్దరి మధ్యా ఒప్పందం. పొద్దున్నే మెసేజ్ పెట్టాను, చూసినట్టు లేదు."

కారులోకి తొంగిచూశాను. సీట్ల మధ్య అరలో మా ఆయన ఫోను బోర్లా పడి ఉంది.

"నాకు అంతా తెలిసిందిరా" అన్నాను. "నువ్వు లేవని అక్కడికెళ్ళాక తెలుస్తుందిగా? దిగిపోతారుగా?"

"బావ సంగతి నీకు తెలీదా అక్కా? బస్టాండులో జనం ఎక్కి కూర్చున్నాక, నేను నడపనని చెప్పి దిగిపోయే మనిషా? కొత్త కండక్టరుని వేసుంటారు. వాడికేం తెలుసు?"

ఫోను పెట్టేసి స్టీరింగు ముందు కూర్చున్నాను. కీచైను ఏదో అనబోయి, నా మొహం చూసి, మాట్లాడకుండా పక్కసీట్లో ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. కారు ఎలా నడిపానో నన్నడగొద్దు. ఆ రోజు దాని వేగం చూశాను, కానీ ఒక్క క్షణం సంతోషం కలిగితే ఒట్టు. దారి పొడుగునా బస్సుల ఆఫీసుకి ఫోను చేయమని కీచైనుకి చెప్తూనే ఉన్నాను. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు. అది మా అమ్మాయి పాపతో బస్టాండుకి వచ్చే వేళ.

బస్టాండు వీధి మొదట్లో కార్లు నిలిచిపోయాయి. నేను కారు అక్కడే ఆపి, తాళం కీచైను చేతిలో పెట్టి, దిగి పరుగెత్తాను. గేటు దగ్గరికి చేరేసరికి ఆయన బస్సు బయటికి వస్తోంది. కిటికీల నిండా జనం. కొత్త కండక్టరు వెనక ఎక్కడో టిక్కెట్లు కొడుతున్నాడు. ముందు తలుపు దగ్గర ఎవరూ లేరు. నేను గేటు పక్కన నిలబడి రెండు చేతులూ ఊపాను. "ఏమండీ, ఆపండి" అని గొంతు చించుకున్నాను. బస్సు నా ముందునుంచే మెల్లగా కదిలింది. ఆయన నాకు ఎంత దగ్గరగా ఉన్నారంటే, నుదుటి మీద చెమట కనబడింది. మెడ బిగించి నిటారుగా చూస్తున్నారు. నావైపు రెప్ప కూడా తిప్పలేదు.

రెండో కిటికీ అద్దానికి ముక్కు ఆనించి మా మనవరాలు నన్ను చూసి చెయ్యి ఊపింది.

గేటు ముందున్న స్పీడ్‌బ్రేకరు దగ్గర బస్సు నెమ్మదించింది. అది దాటితే వేగం అందుకుంటుంది. పక్కన ఎంతసేపు నిలబడి అరిచినా నేను ఆ మనిషి లెక్కలో లేను. ఆయనకి కనబడే చోటు ఆ వీధి మొత్తానికి ఒక్కటే. చీర కుచ్చెళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని, బస్సుని దాటి పరుగెత్తి, నడిరోడ్డు మీదకి వెళ్ళి దానికి ఎదురుగా నిలబడ్డాను.